పట్టుదలకు కొలబద్ద

1964లో కాకినాడ వర్తకులు కొంతమంది జట్లు జట్లుగా బయల్దేరి హైదరాబాదు వెళ్ళారు. సరుకు కోసం కాదు, పెళ్ళి సంబంధాల కోసమూ కాదు. చిన్న పరిశ్రమలవాళ్ళకు తరిఫీదు ఇచ్చే కేంద్రప్రభుత్వ సంస్థ ఒకటి అక్కడ వుండేది. ‘సియెట్’ అని పొడి అక్షరాల్లో పిలిచేవారు దాన్ని. ఆ సంస్థలో పది రోజుల చొప్పున మకాం పెట్టి కథలు రాయడానికి వెళ్ళారు వాళ్ళు! గల్లాపెట్టె ముందు కూచుని జమాఖర్చులు రాసే చేతులు కథలు రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. కథలు రాసుకు బతికే నాకు మాత్రం నవ్వు రాలేదు, కాస్త అసూయ కలిగింది. వాళ్ళ కథల్ని శ్రద్ధగా, అక్షరం అక్షరం చదవడానికి అమెరికానుంచి మనుషులు వచ్చారు మరి!

వచ్చినవాళ్ళ పెద్ద డేవిడ్ మెక్లెలాండ్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు. ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, ఒకే పెట్టుబడితో కొట్టు పెట్టిన ఇద్దరిలో ఒకడు పైకొస్తాడు, ఇంకొకడు ఉన్నచోటే వుంటాడు, ఎందుకని? ఇది మన అరుగులమీద రోజూ జరిగే చర్చే. మనం ‘రాత’ అనేసి లేచిపోతాం. ఆయన లేచిపోలేదు. మనిషి లోపల ఏదో ఒక గుణం వుండాలి, అది వుంటే కొలవడానికీ వీలుండాలి అని పట్టుకు కూచున్నాడు. ఆ గుణాన్ని మన పాఠ్యపుస్తకాల్లో ‘సాధనా ప్రేరణ’ అంటారు. నేను పట్టుదల అంటాను. అచ్చంగా అదే కాకపోయినా మనకు తెలిసిన మాట.

కొలిచే పద్ధతి మహ చిత్రంగా వుంటుంది. మీకొక బొమ్మ చూపిస్తారు. ఒక కుర్రాడు పుస్తకం ముందేసుకుని ఎటో చూస్తున్నాడనుకోండి. అయిదు నిమిషాల్లో కథ రాయాలి. అతనెవరు, ఏం ఆలోచిస్తున్నాడు, తర్వాత ఏమవుతుంది? ‘రేపటి పరీక్షలో అందరికన్నా బాగా రాయాలని ఆలోచిస్తున్నాడు’ అని మీరు రాస్తే ఒక మార్కు. ‘అమ్మ గుర్తొచ్చింది’ అని రాస్తే ఆ లెక్కలోకి రాదు. పాపం, అమ్మ గుర్తు రావడం దేనికీ పనికిరాని గుణమన్నమాట!

ఇంకో ఆట వుంది. నేలమీద మేకు పాతి దానిమీదకి రింగులు విసరమంటారు. ఎంత దూరంలో నిలబడాలో మీ ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడి వేసేస్తారు. కొందరు గోడకానుకుని గాల్లోకి విసిరి తగిలితే తగులుతుంది లెమ్మంటారు. పట్టుదల ఎక్కువున్నవాళ్ళు మధ్యలో నిలబడతారట. తేలిగ్గా పడకూడదు, అలాగని అసాధ్యమూ కాకూడదు. జూదగాడికీ వర్తకుడికీ తేడా అక్కడే వుందన్నాడాయన. ఈ ఒక్క మాట నాకు బాగా నచ్చింది.

1961లో ఆయనొక పెద్ద పుస్తకం వేశాడు. అందులో దేశదేశాల చిన్నపిల్లల వాచకాలు తెప్పించి, ఆ కథల్లో పట్టుదల ఎంతుందో లెక్కగట్టాడు. వాచకాల్లో అది ఎక్కువున్న దేశాలు తర్వాత త్వరగా పైకొచ్చాయని, కరెంటు వాడకంలో పెరుగుదలను సాక్ష్యంగా చూపించాడు. మరి ఆ గుణం పెద్దవాళ్ళకి నేర్పితే? నేర్పితే ఒక ఊరి దశ తిరుగుతుందా? అది తేల్చడానికే కాకినాడ వచ్చాడు. తమిళనాట వేలూరు వర్తకులకూ అదే తరిఫీదు ఇచ్చారు. పక్కనున్న రాజమండ్రిని మాత్రం ముట్టుకోకుండా వదిలేశారు, పోల్చి చూసుకోవడానికి. కాకినాడనుంచి యాభైమందికి పైగా వెళ్ళివచ్చారు. రింగులు విసిరారు, పట్టుదల నిండిన కథలు రాయడం నేర్చారు, రెండేళ్ళలో ఏం చెయ్యబోతున్నారో కాగితంమీద పెట్టారు.

1969లో మెక్లెలాండూ, డేవిడ్ వింటరూ కలిసి ఫలితాలు అచ్చువేశారు. తరిఫీదు పొందినవాళ్ళలో ఇంచుమించు సగంమంది కొత్త పనులు మొదలుపెట్టడమో, వ్యాపారం పెంచడమో చేశారు. పొందనివాళ్ళలో అలా చేసినవాళ్ళు నాలుగోవంతు. పూజలూ పునస్కారాలూ, కులాచారాలూ వ్యాపారానికి అడ్డు అని అప్పట్లో పెద్దపెద్దవాళ్ళు అంటూండేవారు. అదేమీ అడ్డు కాలేదని కూడా తేలింది. బొట్టు పెట్టుకున్నవాడు కూడా నిక్షేపంగా కొత్త మిషను కొన్నాడు.

ఇంతవరకూ బాగానే వుంది. ఆ పుస్తకంలో ఇంకో సంగతి కూడా వుంది, దానిమీద పెద్దగా ఎవరూ ఆగినట్టు కనపడదు. తరిఫీదు ఫలించింది ముఖ్యంగా వ్యాపారం మీద పెత్తనం తమ చేతిలో వున్నవాళ్ళలో. తండ్రి చాటునో అన్న చాటునో కొట్లో కూచునేవాడు హైదరాబాదులో ఎన్ని కథలు రాసినా, తిరిగొచ్చాక చెయ్యడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. ఆశ నేర్పగలిగారు గాని, తాళంచెవి ఇవ్వలేకపోయారు.

ఆ తాళంచెవి సంగతి మా వైపు మనుషులకు కాకినాడ ప్రయోగానికి పాతికేళ్ళ ముందే తెలుసు. మా వైపంటే ఆదోని, ఎమ్మిగనూరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలోదే. అందుకే ఇప్పటికీ మా వీధుల్లో తెలుగూ, కన్నడమూ, ఉర్దూ కలగలిపి వినిపిస్తాయి. ఆదోని పత్తి ఊరు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మగ్గం ఊళ్ళో నేతగాడి బతుకు ఎలా వుండేదంటే, సావుకారు నూలిచ్చేవాడు, బట్ట తీసుకునేవాడు, కూలి ఎంతో ఆయనే చెప్పేవాడు. నేతగాడికి పట్టుదల ఎక్కువైతే పొద్దున ఇంకో గంట ముందు లేచి గుంటలోకి దిగడం తప్ప చెయ్యగలిగిందేముంది?

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. సంఘమే నూలు ఇస్తుంది, సంఘమే బట్ట తీసుకుని అమ్ముతుంది, లాభం వస్తే సభ్యులది. తర్వాత్తర్వాత నేతగాళ్ళకి ఇళ్ళ కాలనీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లకీ తువ్వాళ్ళకీ దూరదేశాల్లో గిరాకీ వచ్చింది. 1954లో, పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే, సోమప్పగారికి పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు ఆ సంఘానికి నాటి వైభవం లేదు, అది వేరే కథ. మెక్లెలాండుగారు సోమప్పగారికి బొమ్మ చూపించి కథ రాయమని వుంటే బోలెడు మార్కులు వచ్చేవేమో. ఆ ఒక్క మనిషి పట్టుదల గొప్పదే. దానికన్నా గొప్ప సంగతి, వందలమంది మామూలు మనుషుల పట్టుదల ఖర్చురాయడానికి ఆయనొక చిట్టా తెరిచారు.

ఆ మాట అన్నాక ఇంకో మాట అనక తప్పదు. నేత ఇంట్లో కండెలు చుట్టేది ఎవరు? నూలుకి గంజి పెట్టేది, పడుగు సరిచేసేది, తెగిన పోగు అతికేది ఎవరు? మీకు తెలుసు. చిట్టాలో పేరు మాత్రం సాధారణంగా మగ్గంలో కూచున్న మనిషిది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తంమీద చేనేత పనివాళ్ళు 35 లక్షలకు పైగా లెక్కకొచ్చారు, వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళు. ఈశాన్య రాష్ట్రాల్లో ఇంటింటా ఆడవాళ్ళే నేస్తారు కాబట్టి ఆ సంఖ్య అంత పెరిగిందనుకోండి. అయినా, మగ్గం అనగానే మన కళ్ళకు కనిపించే మనిషి మగవాడే కదూ?

మనస్తత్వశాస్త్రం చిట్టాలోనూ ఇదే తంతు. 1950ల మొదట్లో మెక్లెలాండూ ఆయన శిష్యులూ కాలేజీ ఆడపిల్లల చేత కూడా కథలు రాయించారు. మగపిల్లలకి ‘ఇది మీ తెలివికి పరీక్ష’ అని చెబితే వాళ్ళ కథల్లో పట్టుదల పెరిగేది. ఆడపిల్లలకి అదే మాట చెబితే పెరగలేదు. లెక్క కుదరలేదు. కుదరకపోతే ఏం చేశారు? ఆడపిల్లల లెక్క పక్కన పెట్టి మగపిల్లల లెక్కతో ముందుకెళ్ళిపోయారు. వంటలో ఉప్పు ఎక్కువైతే ఆ గిన్నె పక్కకు నెట్టేసినంత సులువుగా!

ఆ గిన్నె మూత మళ్ళీ తీసినామె మటీనా హార్నర్. 1960ల్లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేది. 1968లో పూర్తయిన ఆ పరిశోధనలో ఆమె బొమ్మలు చూపించలేదు, ఒక్క వాక్యం ఇచ్చి తర్వాత కథ రాయమంది. మొదటి పరీక్షలయ్యాక ఆన్ అనే అమ్మాయి వైద్యకళాశాలలో తన తరగతికి ప్రథమురాలైంది, అని ఆ వాక్యం సారాంశం. 90 మంది అమ్మాయిలకు ఇదిచ్చింది. 88 మంది అబ్బాయిలకు ఇదే వాక్యం, ఆన్ బదులు జాన్ అని పేరు మార్చి ఇచ్చింది.

జాన్ కథలు చాలావరకు హాయిగా వున్నాయి. కష్టపడ్డాడు, ఫలితం దక్కింది, పెద్ద డాక్టరయ్యాడు, శుభం. ఆన్ కథలు చూడండి. ఒకరి కథలో ఆన్‌కి స్నేహితులే లేరు, మొహంనిండా మొటిమలు. ఇంకొకరి కథలో ఆన్ తనకిష్టమైన కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడని వచ్చే పరీక్షల్లో కావాలనే మార్కులు తగ్గించుకుంది. మరొక కథలో డాక్టరు చదువు మానేసి నర్సయింది. వీటన్నిటినీ తలదన్నే కథ ఒకటుంది. అసలు ఆన్ అనే మనిషే లేదట, వైద్యవిద్యార్థులు కొందరు కలిసి కల్పించిన దొంగపేరట! నూటికి 65 మంది అమ్మాయిల కథల్లో ఇలా గెలుపు వెనకాల ఏదో కీడు పొంచి వుంది. అబ్బాయిల్లో అది నూటికి పదిమంది కూడా లేరు. దీనికి హార్నర్ ‘గెలుపంటే భయం’ అని పేరు పెట్టింది.

ఇది చదివినప్పుడు నాకు మన వారపత్రికల సీరియళ్ళు గుర్తొచ్చాయి. 1970ల, 80ల నవలల్లో హీరోయిను యూనివర్సిటీ ఫస్టు వచ్చిందంటే పాఠకురాలు గుండె చిక్కబట్టుకునేది. పాపం ఈ పిల్లకి ఏదో జరగబోతోంది! ఒకవేళ ఏమీ జరక్కపోతే పొగరుమోతు అవుతుంది, ఆ పొగరు అణచడానికి కారులో కథానాయకుడు దిగుతాడు. ఎవరూ కుట్ర పన్ని రాసినవి కావవి. అమెరికా కాలేజీలో ఆ అమ్మాయిలు అయిదు నిమిషాల్లో రాసిన కథల్నే మనం యాభై వారాలు రాశాం, చదివాం.

పేరైతే పెట్టింది గాని ఆ భయం ఆడపిల్ల లోపల పుట్టిందేనా? 1974లో మరో ముగ్గురు పరిశోధకులు ఒక తెలివైన పని చేశారు. ఆన్ కథను బడి అబ్బాయిల చేత కూడా రాయించారు. అబ్బాయిలు ఆన్‌కి పట్టించిన గతి అమ్మాయిలు పట్టించినదానికన్నా ఘోరంగా వుంది! అంటే భయపడే గుణం ఒక్క ఆడపిల్ల మనసులో లేదు, ఊరందరి మనసులోనూ వుంది. ఫస్టొచ్చిన ఆడపిల్లకి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, ఆ తెలిసినదే అందరూ రాశారు. దాన్ని భయమని ఎందుకనాలి? ధర తెలిసిన మనిషి బేరం ఆలోచిస్తుంది, అంతే. అన్నట్టు ఆ హార్నరమ్మ 1972లో రాడ్‌క్లిఫ్ కాలేజీకి అధ్యక్షురాలైంది. ఆమె మాత్రం భయపడలేదు.

ఆ తర్వాత గుణాల లెక్క చాలా దూరం వెళ్ళింది. ఇప్పటి మనస్తత్వశాస్త్రం మనిషి స్వభావాన్ని అయిదు పెద్ద గుణాలుగా చూస్తుంది. అందులో చదువుకు అక్కరకొచ్చేది మన ఇళ్ళల్లో ‘శ్రద్ధ’ అంటామే, అది. చెప్పిన పని చెప్పిన వేళకి చెయ్యడం, మొదలుపెట్టింది వదలకపోవడం, పుస్తకం తీసినచోట పెట్టడం. 2009లో ఆర్థర్ పోరోపాట్ అనే ఆయన వేలకొద్దీ విద్యార్థులమీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పై తరగతుల్లో మార్కులకు శ్రద్ధ ఇంచుమించు తెలివితో సమానంగా తోడ్పడుతున్నట్టు తేలింది. అంతకు ముందు 2006లో ఏంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్మన్ ఎనిమిదో తరగతి పిల్లల్ని చూసి, ఆడపిల్లలకు మార్కులు ఎక్కువ రావడానికి కారణం తెలివి ఎక్కువై కాదు, తమను తాము అదుపులో పెట్టుకునే శక్తి ఎక్కువై అన్నారు. పదో తరగతి ఫలితాల రోజున మనం ఏటా పేపర్లో చదువుతూనే వున్నాం, బాలికలదే పైచేయి అని.

మరి ఆ పైచేయి తర్వాత ఎక్కడికి పోతుంది?

కొంత పత్తిచేలోకి పోయింది. హైబ్రిడ్ పత్తి మొదట మన దేశంలోనే, గుజరాత్‌లో సూరత్ పరిశోధనాకేంద్రంలో 1970లో పుట్టింది. ఆ రకం విత్తనం తయారుచెయ్యాలంటే పువ్వు పువ్వునూ చేత్తో కలపాలి. సాయంత్రంపూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి పట్టుకుని, గోటితో రేకులూ కేసరాలూ ఒలిచెయ్యాలి, నడిమి కాడ మాత్రం చెడకూడదు. మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు తెచ్చి పుప్పొడి దానికి రాయాలి. ‘క్రాసింగ్’ అంటారు మా జిల్లాలో. ఒక్క మొగ్గ తప్పిపోయినా విత్తనంలో కల్తీ వస్తుంది. 1990ల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా ఈ విత్తనాల పంటకు పేరుపడింది. ఆ చేలల్లో పనికి పెట్టుకున్నది ఎక్కువగా బడి ఈడు ఆడపిల్లల్ని. ఎందుకని అడిగితే రైతులు చెప్పిన జవాబులు పరిశోధకులు రాసిపెట్టారు. ఆడపిల్లలైతే ఓపిగ్గా చేస్తారు, చెప్పినమాట వింటారు, ఎక్కువసేపు వంచిన నడుం ఎత్తకుండా చేస్తారు, కూలీ తక్కువ. మొదటి మూడూ మళ్ళీ చదవండి. పోరోపాట్‌గారి శ్రద్ధ అదే కదూ! ఏ గుణానికి బడిలో మార్కులు వేస్తారో అదే గుణాన్ని చేలో రోజుకూలికి కొన్నారు.

ఇక ఉద్యోగంలో తృప్తి సంగతి. దీనిమీదా బోలెడన్ని లెక్కలున్నాయి. 2002లో టిమతీ జడ్జ్ బృందం ఎన్నో పరిశోధనలు కలిపి చూసి, ఊరికే ఆందోళనపడే స్వభావం వున్నవాళ్ళకి ఉద్యోగంలో తృప్తి తక్కువ, శ్రద్ధా కలుపుగోలుతనమూ వున్నవాళ్ళకి కొంత ఎక్కువ అని తేల్చింది. ‘కొంత’ అన్నది గుర్తుపెట్టుకోండి. మిగిలినదంతా ఉద్యోగంలోనూ, ఇంట్లోనూ, జీతంలోనూ, పైఅధికారి నోటిలోనూ వుంటుంది.

నాతో ఆదోనిలో చదువుకున్న ఒకామె లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునేది. ఇవాళ వాళ్ళ నూలు కొట్టు లెక్కలన్నీ ఆమే చూస్తుంది. జి.ఎస్.టి. కాగితాలు కూడా ఆమే నింపుతుంది. కొట్టు బోర్డుమీద మామగారి పేరుంటుంది, బ్యాంకులో సంతకం భర్తది. “తృప్తిగానే వుందా?” అని అడిగాను. “నాకేం తక్కువే! మా తోడికోడల్ని అయిదుతో మాన్పించినారు. నన్ను డిగ్రీ చదివించినారు” అంది నవ్వుతూ.

ఆ నవ్వుకి కూడా పరిశోధన వుంది మరి! ఫేయ్ క్రాస్బీ అనే ఆమె అమెరికాలో బోస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేసే ఆడా మగా చాలామందిని కలిసి, 1982లో పుస్తకం వేసింది. ఒకే స్థాయి ఉద్యోగాల్లో ఆడవాళ్ళ జీతాలు తక్కువ. అయినా తృప్తి మాత్రం మగవాళ్ళకి ఎంతుందో వీళ్ళకీ అంతే వుంది. పోనీ అన్యాయం తెలియదా అంటే తెలుసు. దేశంలో ఆడవాళ్ళకి అన్యాయం జరుగుతోందని అందరూ ఒప్పుకున్నారు, ‘నాకు మాత్రం జరగలేదు’ అన్నారు. క్రాస్బీ చెప్పిన కారణాల్లో ఒకటి, మనిషి తనను ఎవరితో పోల్చుకుంటుందన్నది. ఆడవాళ్ళు ఆడవాళ్ళతోనే పోల్చుకుంటే జీతంలో తేడా కంటికి ఆనదు. నా స్నేహితురాలు తోడికోడలితో పోల్చుకుంది. భర్తతో పోల్చుకోలేదు, అతనికి లెక్కల్లో ఎన్ని వచ్చాయో ఆమెకు తెలుసో తెలియదో! అందుకని తృప్తి లెక్కలు చూసినప్పుడల్లా నాకు ఇంకో గడి కూడా కావాలనిపిస్తుంది, ‘ఎవరితో పోల్చుకున్నారు?’ అని.

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి యాభైమంది కూడా లేరు. జిల్లాకి పడమటి పల్లెలు మరీ వెనకబడ్డవి. పంటలు లేని రోజుల్లో ఈ పల్లెలనుంచి సంసారాలు సంసారాలే ‘సుగ్గి’కి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి. పెద్దవాళ్ళతోబాటు పిల్లలూ పోతారు, బడిలో పేరు అలాగే వుంటుంది, పిల్ల వుండదు. ఆ పిల్ల చేత ఎవరు కథ రాయిస్తారు? ఏ బొమ్మ చూపిస్తారు?

ఒక పిల్ల సంగతి మాత్రం పేపర్లలో వచ్చింది. ఆదోని మండలంలోని ఒక పల్లె. తల్లిదండ్రులు పేదవాళ్ళు. ముగ్గురు అక్కలకు పెళ్ళిళ్ళు చేసేశారు, పదో తరగతి మంచి మార్కులతో ప్యాసైన ఈ పిల్లకీ చేసేద్దామనుకున్నారు. డబ్బు లేదు, దగ్గర్లో జూనియర్ కాలేజీ లేదు అన్నారు. ఆ రెండూ అబద్ధాలు కావు. శాసనసభ్యుడు ఇంటింటికీ తిరుగుతూ ఆ ఊరొచ్చినప్పుడు ఈ పిల్ల ఎదురెళ్ళి, నాకు పెళ్ళి వద్దు, చదువుకుంటానని చెప్పింది. సంగతి కలెక్టరుదాకా పోయింది. కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటిచ్చారు. ఆడపిల్లలు అక్కడే వుండి చదువుకునే బళ్ళు అవి, 2004లో మొదలైన పథకం కింద వచ్చాయి. కూడూ, పడకా, పుస్తకాలూ అన్నీ అక్కడే. 2024 ఏప్రిల్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలొచ్చాయి. ఆ పిల్ల ఫస్టు.

పేపరువాళ్ళు వెళ్ళి ఏమవుతావమ్మా అని అడిగారు. ఐ.పి.ఎస్. అవుతానంది. ఎందుకంటే, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు ఆపడానికట.